షర్లీ కార్డు

అమెరికాలో ఫోటోలు కడిగే ల్యాబులకి 1950ల నుంచి కొడాక్ కంపెనీ ఒక నమూనా ఫోటో పంపేది. అందులో ఓ తెల్లజాతి యువతి. మొదటి మోడల్ పేరు షర్లీ కాబట్టి, తర్వాత ఎవరి బొమ్మ వేసినా అది షర్లీ కార్డే. ఆమె ఒంటిరంగు సరిగ్గా వస్తే మిగతా రంగులన్నీ సరిపోయినట్టు లెక్క. సినిమా రీళ్ళ మొదట్లోనూ కొలత కోసం అలాంటి అమ్మాయి బొమ్మే అతికించేవారు.

అసలు కలర్ ఫిల్మే లేతరంగు చర్మాన్ని దృష్టిలో పెట్టుకుని తయారైంది. స్కూలు ఫోటోల్లో తమ పిల్లల మొహాలు సరిగ్గా రావడంలేదని నల్లజాతి తల్లులు మొత్తుకున్నారు. కంపెనీని కదిలించింది మాత్రం చాక్లెట్ల వాళ్ళూ, చెక్క సామాన్ల వాళ్ళూ! గోధుమరంగుల్లో తేడాలు తెలియడం లేదన్నది వాళ్ళ గొడవ. ఆ తర్వాతే ముదురు ఛాయల్ని పట్టుకునే ఫిల్ము మెరుగుపడింది. 1990ల్లో గానీ నల్లజాతి, ఆసియా స్త్రీలు షర్లీ పక్కన చేరలేదు.

ఇక్కడ మనవాళ్ళు తీసే షార్ట్ ఫిల్ములకి నేను లైట్లు పెడుతుంటాను. అపార్ట్‌మెంట్లో తెల్లగోడ ముందు చామనచాయ మనిషి నిలబడితే గోడ వెలుగుతుంది, మొహం మసకేస్తుంది. "మన రంగే అంత కదండీ" అంటారు. కాదండీ! మనిషిని గోడకి దూరంగా జరిపి, గోడమీద పడే వెలుగుకి నల్లగుడ్డ అడ్డంపెట్టి, పెద్ద తెల్లగుడ్డ మీంచి మెత్తటి వెలుగు పక్కగా మొహంమీదికి మళ్ళిస్తే చాలు, చెంపలమీద నిగారింపు దానంతటదే వస్తుంది. లోపం రంగులో లేదు, కొలతలో ఉంది.