టాఫీ జోన్స్: గాలిలో చురుకు, నేల మీద తడబాటు

1918 మే మొదలుకొని మూడు నెలల్లో 37 వైమానిక విజయాలు. మొదటి ప్రపంచయుద్ధపు బ్రిటిష్ పైలట్ ఐరా జోన్స్ పేరిట ఉన్న లెక్క అది. గాలిలో అంత ఒడుపుగా పోరాడిన మనిషికి విమానం దించడం మాత్రం సరిగా పట్టుబడలేదు. శత్రువు తూటాలన్నీ తప్పించుకుని వచ్చి, సొంత మైదానంలో విమానాన్ని విరగ్గొట్టిన సందర్భాలు బోలెడు.

1896లో వేల్స్‌లోని కార్మార్థెన్‌షైర్‌లో, సెయింట్ క్లియర్స్ దగ్గర పుట్టాడు. వేల్స్ సైనికుల్ని అందరూ 'టాఫీ' అనేవారు, అతనికి అదే పేరు స్థిరపడింది. మనిషి పొట్టి, మాట నత్తి. యుద్ధంలో మొదట చేసింది వైర్‌లెస్ మెకానిక్ పని. 1916లో గుండ్ల వర్షంలోకి వెళ్లి గాయపడిన గన్నర్లను కాపాడినందుకు మిలిటరీ మెడల్ ఇచ్చారు. అప్పటికి అతను పైలట్ కానే కాదు.

పైలటయ్యాక 74వ స్క్వాడ్రన్‌లో ఎస్.ఇ.5ఎ నడిపాడు. ఆ విమానం పై రెక్క మీద లూయిస్ గన్ ఉండేది. తూటాల డబ్బా ఖాళీ అయితే తుపాకీని పట్టా వెంబడి కిందికి లాక్కుని, ముఖాన కొట్టే గాలిలో పాత డబ్బా ఊడదీసి కొత్తది బిగించాలి. అంతసేపూ శత్రువు ఊరుకోడు కదా!

ఆ స్క్వాడ్రన్‌లో అతనికి గురువు, తోటి పైలట్ మిక్ మానక్. 1918 జులై 26న మానక్ నేలకూలాడు. జోన్స్ ఆయన జీవితచరిత్ర రాసి 1934లో అచ్చువేశాడు. గురువు విజయాలు 73 అని పట్టుబట్టాడు. నేటి చరిత్రకారులు ఎక్కువగా ఒప్పుకునేది 61. అభిమానం లెక్కను పెంచిందనే అనిపిస్తుంది.

జోన్స్‌లో కరుకుదనమూ ఉంది. పారాచూట్‌కు వేలాడుతున్న జర్మన్ల మీద కాల్పులు జరిపేవాడినని, దాని మీద మెస్‌లో వాదనలు రేగేవని తానే రాసుకున్నాడు. అతని శౌర్యం మెచ్చేవాళ్లు ఈ సంగతిని దాటేయకూడదు.

1936లో రిటైరయ్యాడు, రెండో ప్రపంచయుద్ధం రాగానే మళ్లీ పిలుపొచ్చింది. 1940లో ఒకరోజు తుపాకుల్లేని హాకర్ హెన్లీ విమానంలో ఎగురుతుండగా జర్మన్ బాంబర్ జంకర్స్ 88 ఎదురైంది. చేతికి దొరికింది సంకేతాల కోసం రంగుల మంట వదిలే పిస్టల్ ఒక్కటే. ఆ పిస్టల్‌నే బాంబర్ మీదికి పేల్చాడు. అప్పటికి వయసు నలభై దాటింది.

తర్వాత కుర్ర పైలట్ల శిక్షణ చూశాడు. 1954లో తన స్క్వాడ్రన్ కథను 'టైగర్ స్క్వాడ్రన్' పేరుతో పుస్తకంగా తెచ్చాడు. 1960లో కన్నుమూశాడు.