పూటకూళ్ళమ్మ ఎప్పుడు తింది?

తెలుగునాట డబ్బు తీసుకుని అన్నం పెట్టే ఇళ్ళు కొత్తవి కావు. వినుకొండ వల్లభరాయుడి పేర ఉన్న ‘క్రీడాభిరామం’లో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఓరుగల్లు వీధులన్నీ తిరుగుతారు. ఆ తిరుగుడులో లక్ష్మణవజ్ఝల అనే ఆయన ఇంట్లో దొరికే పూటకూటి భోజనం సంగతి వస్తుంది. ఒక్క రూకకి కప్పురభోగి బియ్యపన్నం, గోధుమపిండి వంటకం, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు. సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో కూడా ఈ పూటకూళ్ళ ముచ్చట ఉంది. పీహెచ్‌డీ రోజుల్లో లైబ్రరీలో కూర్చుని ఆ పేజీలు చదువుతుంటే ముందు నోరూరింది. అనుమానం తర్వాత వచ్చింది. ఆ విస్తరి ముందు కూర్చున్నది ఎవరు?

బాటసారులు, వ్యాపారులు, ఊరు చూడవచ్చిన రసికులు. అంతా మగవాళ్ళే. ఆ రూపకంలో స్త్రీలకి కొరతేమీ లేదు, వీధి పొడుగునా కనిపిస్తారు. చూసేవాళ్ళ కళ్ళకి విందుగా కనిపిస్తారు తప్ప ఆకలి వేసే మనుషుల్లా కాదు. పైగా పూటకూటింట్లో రాత్రింబవళ్ళు మన్మథుడు మసలుతుంటాడని కూడా ఆ కవి చమత్కరిస్తాడు. ఇంటి బయటి తిండికీ ఆడదాని నడతకీ ముడిపెట్టడం అంత పాత అలవాటన్నమాట.

అక్కణ్ణించి విజయనగరం వద్దాం. 1892లో ప్రదర్శించి, 1897లో అచ్చువేసి, 1909లో దాదాపు కొత్తగా తిరగరాసిన ‘కన్యాశుల్కం’లో పూటకూళ్ళమ్మ ఉంది. నాటకంలో ఆవిడకి పేరు లేదు. చేసే పనే పేరు. గిరీశం ఆవిడ ఇంట్లో తిని, ఆవిడ పంచన ఉండి, సంతలో సామాను కొనిపెడతానని ఇరవై రూపాయలు పట్టుకుపోయి మధురవాణి మీద ఖర్చు చేస్తాడు. ఆవిడ చీపురు పట్టుకుని వెతుక్కుంటూ వస్తే మనం నూరేళ్ళకి పైగా నవ్వుతున్నాం. నేనూ నవ్వాను, ఇప్పటికీ ఆ రంగం చదివితే నవ్వొస్తుంది. అయితే ఆ ఇరవై రూపాయల లెక్క ఒకసారి చూడండి. అది ఆవిడ వ్యాపారపు పెట్టుబడి. పుట్టింట్లోనో అత్తింట్లోనో జీతం లేని వంటమనిషిగా పడి ఉండడం తప్ప వేరే దారి లేని కాలంలో, ఆ వంటకే ధర కట్టి తన బతుకు తాను బతికిన స్త్రీ ఆవిడ. మధురవాణి గురించి మన విమర్శకులు పుస్తకాలకి పుస్తకాలు రాశారు. పూటకూళ్ళమ్మ గురించి నాలుగు పేరాలు వెతికి పట్టుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

సరిగ్గా ఆ 1909లోనే గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మ గారు కన్నుమూశారు. 1841లో పుట్టిన ఆవిడ లంకల గన్నవరంలో వేళ కాని వేళ ఎవరు తలుపు తట్టినా లేదనకుండా అన్నం పెట్టారు. ఆవిడ పేరు అక్విడక్టుకి పెట్టారు, 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి కూడా పెట్టింది. ఆ గౌరవం ఆవిడకి దక్కాల్సిందే. నా పేచీ సీతమ్మగారితో కాదు, మన తూకంతో. ఊరికే పెట్టిన చెయ్యి అన్నపూర్ణ. డబ్బు పుచ్చుకుని పెట్టిన చెయ్యి నవ్వులాట. రెండు చోట్లా పొయ్యి ఒకటే, పొగ ఒకటే.

వాళ్ళు ఏం తిన్నారో ఎవరూ రాయలేదు. పూటకూళ్ళు పెట్టుకున్నవాళ్ళలో వితంతువులు చాలామంది. పై కులాల వితంతువులకి ఒంటిపూట భోజనం, ఉల్లి వెల్లుల్లి నిషిద్ధం, రాత్రి ఏదో ఇంత ఫలహారం. పదిమందికి నేతి పిండివంటలు వండిన మనిషి తను మాత్రం నాలుక చంపుకుని బతకాలి. ఉప్పు సరిపోయిందో లేదో వాసన చూసి చెప్పే నేర్పు మా అమ్మమ్మ తరంలో చాలామందికి ఉండేది. దాన్ని పాకశాస్త్ర ప్రావీణ్యమని మెచ్చుకునేవాళ్ళం. రుచి చూడ్డానికి వీల్లేనప్పుడు పుట్టిన నేర్పు అది.

కాఫీ హోటళ్ళు వచ్చాక మారిందా? మారింది, కానీ ముందు మగవాళ్ళకి, అందులోనూ కొన్ని కులాల వాళ్ళకి. మద్రాసు రాష్ట్రంలో బ్రాహ్మణులకి వేరే గది ఉన్న హోటళ్ళుండేవి. ‘బ్రాహ్మణ’ అనే మాట బోర్డు మీంచి తీసెయ్యమని 1957లో పెరియార్ మద్రాసులో ఒక హోటలు ముందు ఆందోళన నడిపారు. మన పల్లెల్లో టీ కొట్టు దగ్గర రెండు గ్లాసుల పద్ధతి ఆ తర్వాత కూడా చాలాకాలం సాగింది. రాజ్యాంగం పదిహేనో అధికరణం రెండో క్లాజులో దుకాణాలు, హోటళ్ళు, రెస్టారెంట్ల పేరెత్తి మరీ అక్కడ మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఎవరినీ ఆపకూడదని రాశారు. కులం మాట అందరికీ గుర్తుంటుంది. ఆ పక్కనే లింగం అనే మాట కూడా ఉందని మా క్లాసులో ఎప్పుడు చెప్పినా పిల్లలు ఆశ్చర్యపోతారు.

ఆడవాళ్ళని హోటలు ఆపలేదు, పక్కకి పంపింది. ఇరానీ హోటళ్ళలో, మిలిటరీ హోటళ్ళలో ‘ఫ్యామిలీ రూమ్’ అనే బోర్డు, లోపల చెక్క అరలు, పచ్చని కర్టెన్లు. తింటున్న ఆడదాన్ని నలుగురూ చూడకూడదు. మా అమ్మ మొదటిసారి హోటల్లో తిన్నది అలాంటి అరలోనే, పెళ్ళయిన కొత్తలో. ఏం తిన్నావంటే ఇడ్లీ అంది. ఇంట్లో రోజూ చేసేదే కదా అంటే, “అవునే, కానీ పిండి నేను రుబ్బలేదుగా” అంది. హోటలు భోజనం గురించి నేను చదివిన ఏ వ్యాసంలోనూ ఇంత సూటి నిర్వచనం దొరకలేదు. ఇప్పుడా కర్టెన్లు చాలాచోట్ల పోయాయి. ఒక్కదాన్నీ వెళ్ళి కూర్చుంటే మాత్రం వెయిటరు రెండో గ్లాసు కూడా పెట్టి “ఇంకా ఎవరైనా వస్తున్నారా మేడమ్?” అంటాడు. రారు అని చెప్పడానికి నాకు కొన్నేళ్ళ సాధన పట్టింది.

బారు దగ్గరికొచ్చేసరికి మన గొంతు తడబడుతుంది. ఎందుకో తెలుసు. 1992లో దూబగుంటలో మొదలై నెల్లూరు జిల్లా అంతా సారా వేలంపాటల్ని ఆపించిన స్త్రీల వారసులం మనం. ఆ పోరాటం వల్లే 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి, 1997లో ఆ రెండోది సడలిపోయింది. రోశమ్మ తరం మూయించిన కొట్టు తలుపుని, కాక్‌టెయిల్ పేరుతో మనం తడుతున్నామా అని ఒక సభలో నన్ను ఒక పెద్దావిడ నిలదీశారు. ఆ ప్రశ్నలో కోపం న్యాయమైనదే. కానీ ఆ ఉద్యమం రుచి మీద చేసినది కాదు. ఇంటికి రావలసిన కూలి డబ్బు మీద, రాత్రిపూట పడే దెబ్బల మీద చేసినది. తెలంగాణ పల్లెల్లో పొలం పని ముగిశాక మగవాళ్ళతో పాటు కూర్చుని కల్లు తాగే స్త్రీలు ఎప్పుడూ ఉన్నారు. తాగితే చెడిపోతుందన్న నీతి మధ్యతరగతి ఇళ్ళది. ఆ నీతికి చట్టం కూడా చెయ్యందించింది. పంజాబ్ ఎక్సైజ్ చట్టం, 1914, ముప్పయ్యో సెక్షన్ ప్రకారం ఢిల్లీలో మద్యం తాగే చోట్ల ఆడవాళ్ళు ఉద్యోగం చెయ్యకూడదు. హోటల్ మేనేజ్‌మెంటు చదివిన అమ్మాయి పెద్ద హోటల్లో గదులు సర్దవచ్చు, బారు వెనక నిలబడి గ్లాసులో నిమ్మచెక్క వెయ్యకూడదు. 2007 డిసెంబరులో సుప్రీంకోర్టు అనూజ్ గర్గ్ కేసులో ఆ నిషేధాన్ని కొట్టేసింది. రక్షణ పేరుతో స్త్రీని ఇంట్లో కూర్చోబెట్టడం రక్షణ కాదన్నది ఆ తీర్పు సారం. ఆ తర్వాత పద్నాలుగు నెలలు నిండకముందే, 2009 జనవరిలో, మంగళూరు పబ్బులో అమ్మాయిల్ని జుట్టు పట్టి ఈడ్చి కొట్టారు. తీర్పు బారు వెనక నిలబడే ఆడదాని గురించి. దెబ్బలు బారు ముందు కూర్చున్న ఆడదానికి.

స్పాల గురించి ఎక్కువ చెప్పను. మన ఇళ్ళలో ఆడదాని ఒంటికి మరొకరు నూనె రాసి, నలుగు పెట్టి, వేణ్ణీళ్ళు పోసేది పెళ్ళికూతురప్పుడూ బాలింతప్పుడూ. ఏ కారణమూ లేకుండా, ఒళ్ళు నొప్పిగా ఉందని మాత్రమే, ఆ సుఖం డబ్బిచ్చి కొనుక్కోవడం సిగ్గుమాలినతనంగా అనిపిస్తుందని నా స్నేహితురాళ్ళే అంటారు. ఆ ఒళ్ళు పట్టేది కూడా ఎక్కడో దూరం నుంచి బతకడానికి వచ్చిన మరో ఆడపిల్లే అన్న సంగతిని ఆ సిగ్గులో కలిపెయ్యకూడదు. అది జీతం గురించీ పనిగంటల గురించీ విడిగా అడగాల్సిన ప్రశ్న.

విమల ‘వంటిల్లు’ కవిత దగ్గర్నుంచి మన స్త్రీవాదం పొయ్యిముందు నిలబడ్డ మనిషిని బాగానే చూసింది. కూర్చుని తినే మనిషిని చూడ్డానికి ఇంకా మొహమాటపడుతోంది. తిండిలో సుఖం అనగానే డబ్బున్నవాళ్ళ ముచ్చటలా వినిపిస్తుంది మనకి. ఒక్క పూట కూడా వేడివేడిగా తినని వాళ్ళు ఎక్కువమంది ఎవరింట్లో ఉన్నారో లెక్క తీస్తే అలా వినిపించదు.

2024 జనవరిలో హైదరాబాదులో ‘కుమారి ఆంటీ’ పేరు మారుమోగింది. మాదాపూర్ వైపు రోడ్డు పక్కన అన్నం, మాంసం కూరలు అమ్మే ఆవిడ దగ్గర జనం పోగై ట్రాఫిక్ ఆగుతోందని పోలీసులు కొట్టు తీయించారు. ముఖ్యమంత్రి కలగజేసుకుంటే మళ్ళీ పెట్టుకుంది. పూటకూళ్ళమ్మలో అమ్మ పోయి ఆంటీ వచ్చిందనుకున్నాను. ఆ వారమంతా ఆవిడ వీడియోలు చూశాను. ప్లేటుకి ఎంత, రోజుకి ఎంత మిగులుతుంది, లివరు కూర ఎలా వండుతారు అని అడిగినవాళ్ళే అందరూ. మీరు మధ్యాహ్నం ఎన్నింటికి తింటారు అని అడిగినవాళ్ళు, నేను చూసినంతలో, ఒక్కరూ లేరు.