ఎండ నుంచి పొట్లం దాకా

టీబీ అని తేలితే ప్రభుత్వం మందులు ఉచితంగానే ఇస్తుంది. అయితే కాజీపల్లి, బొల్లారం, గడ్డపోతారం వైపు నేను చూసిన చీటీల్లో చాలావాటి మీద, ఆ మందుల పేర్ల కింద ఇంకో వరస ఉంటుంది. డి విటమిన్ పొడి, 60,000 యూనిట్లు, వారానికొక పొట్లం, పాలల్లో కలిపి. అది బయట కొనుక్కోవాలి. కొందరికి దానికంటే ముందు రక్తపరీక్ష. పాలు కూడా కొనుక్కోవాలనుకోండి, ఆ సంగతి చీటీలో ఉండదు.

ఆ ఒక్క వరస చీటీ మీదికి ఎట్లా వచ్చిందో తెలుసుకుందామని మొదలుపెడితే నూట డెబ్బై అయిదేళ్ళు వెనక్కి పోవాల్సి వచ్చింది.

1840ల్లో లండన్లోని బ్రాంప్టన్ ఆసుపత్రి క్షయరోగుల కోసమే పెట్టింది. అక్కడి వైద్యులు కొందరు రోగులకు మామూలు వైద్యంతో పాటు కాడ్ చేప కాలేయం నుంచి తీసిన నూనె పట్టించారు, మరికొందరికి నూనె లేకుండా అదే వైద్యం చేశారు. రెండు గుంపుల్లోనూ అయిదు వందల పైచిలుకు మనుషులు. 1849లో లెక్కలు చూస్తే నూనె తాగినవాళ్ళలో నూటికి 18 మందికి జబ్బు ఆగింది, తాగనివాళ్ళలో 6 మందికి. జబ్బు ముదిరినవాళ్ళూ పోయినవాళ్ళూ అటు 19 మంది అయితే ఇటు 33. క్షయకు క్రిమి ఉందని కోఖ్ చెప్పింది 1882లో. అంటే జబ్బు ఎందుకొస్తుందో తెలియడానికి ముప్ఫై ఏళ్ళ ముందే, ఎందుకు పనిచేస్తుందో తెలియని మందు ఒకటి వాడుకలో ఉంది. ఈ కాలపు కొలతలతో చూస్తే ఆ పరీక్షలో లోపాలు చాలా పట్టవచ్చు. ఎవరికి నూనె ఇవ్వాలన్నది చీట్లు వేసి తేల్చలేదు. అయినా ఆ రోజుల్లో ఆ మాత్రం పోల్చి చూడటమే గొప్ప.

ఇంకోపక్క ఎండ. డెన్మార్క్ వైద్యుడు నీల్స్ ఫిన్సెన్ చర్మానికి సోకే క్షయను కర్బన దీపాల వెలుతురుతో నయం చేసి 1903లో నోబెల్ బహుమతి తీసుకున్నాడు. అదే ఏడాది స్విట్జర్లాండ్‌లోని లేజాన్ కొండ మీద ఆగుస్త్ రోలియే ఎండవైద్యశాల తెరిచాడు. రోగిని తీసుకుపోయి ఎండలో పడేయటం కాదు ఆయన పద్ధతి. మొదటిరోజు పాదాలు మాత్రమే, కొద్ది నిమిషాలు. తర్వాత మోకాళ్ళ దాకా, తర్వాత తొడల దాకా, రోజుకింత పెంచుకుంటూ పోవాలి. ఎముకలకూ కీళ్ళకూ పట్టిన క్షయ దాంతో బాగుపడింది. ఊపిరితిత్తుల క్షయకు మాత్రం కడక్ ఎండ ప్రమాదమనీ, నెత్తురు కక్కుకుంటారనీ ఆనాటి వైద్యులే భయపడ్డారు. ఈ సంగతి ఇప్పుడు ఎండ మహిమ గురించి రాసేవాళ్ళు ఎవరూ చెప్పరు.

నూనెలో ఉన్నదీ, ఎండ ఒంటికి ఇచ్చేదీ ఒకటేనని 1920ల్లో తేలింది. 1922లో మెకాలమ్ దానికి వరసలో వచ్చిన అక్షరం పెట్టి డి విటమిన్ అన్నాడు. 1928లో విండాస్‌కి ఆ దారిలో చేసిన పనికి నోబెల్ వచ్చింది.

మన దగ్గర ఈ చరిత్రకు రెండు కొండప్రాంతాలు సాక్ష్యం. ఒకటి మదనపల్లె పక్కన ఆరోగ్యవరం. డేనిష్ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోత్ మోలర్ నడిపిన మిషన్ శానిటోరియం 1915లో అక్కడ మొదలైంది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటేడు, 1948లో, దేశంలో బీసీజీ టీకా మొదలుపెట్టిన కేంద్రాల్లో మదనపల్లె ఒకటి. రెండోది వికారాబాదు దగ్గర అనంతగిరి, నిజాం జమానా చివరలో కట్టింది. మందు లేని కాలంలో శానిటోరియం ఇవ్వగలిగింది విశ్రాంతి, గాలి, వెలుతురు, తిండి. అవసరమైతే ఊపిరితిత్తిని గాలితో నొక్కి కొన్నాళ్ళు పని మాన్పించేవాళ్ళు.

మా పెద్దనాయన అనంతగిరిలో ఎనిమిది నెలలు ఉండి వచ్చాడు. నా చిన్నప్పుడు ఆ కొండ గురించి అడిగితే గాలి అంటాడేమో, చెట్లు అంటాడేమో అనుకునేవాణ్ణి. ఆయన చెప్పింది వేరే. "ఎండ సంగతి నాకు ఎరుకలేదు బిడ్డా. పొద్దుగాల గుడ్డు, పాలు మాత్రం ఒక్కనాడు తప్పలే. మనింట్ల గుడ్డు ఎవరికుండె?" ఎనిమిది నెలలు నాగలి ముట్టకపోవడం కూడా ఆయన జీవితంలో అదే మొదలు, అదే ఆఖరు.

పెద్దనాయన మాటను ఇక్కడ ఊరికే తేలేదు. శానిటోరియంలో ఎన్నో కలగలిసి ఉండేవి. దేని వల్ల మనిషి కోలుకున్నాడో విడదీసి చెప్పడం కష్టం. తర్వాతి వైద్యం వాటిలో సీసాలోనో పొట్లంలోనో పట్టేవాటినే వెతికి తీసుకుందని నాకనిపిస్తుంది.

1940ల మధ్యలో ఇంగ్లండులో డౌలింగ్, ఫ్రాన్సులో షార్పీ చర్మక్షయకు డి విటమిన్ భారీ మోతాదుల్లో ఇచ్చారు. డౌలింగ్ మోతాదు రోజుకు లక్ష, లక్షన్నర యూనిట్లు. చర్మం బాగుపడింది, కొందరికి రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాల మీదికి వచ్చింది. ఇంతలో స్ట్రెప్టోమైసిన్, 1952లో ఐసోనియాజిడ్ వచ్చాయి. ఇక నూనెతో, ఎండతో పని లేకపోయింది.

శానిటోరియాలకు తాళం పడటానికి కారణమైన అధ్యయనం మద్రాసులోనే జరిగింది. 1956లో అక్కడి టీబీ కీమోథెరపీ కేంద్రం 193 మంది పేదరోగులను రెండు భాగాలు చేసింది. సగం మంది శానిటోరియంలో, సగం మంది తమ ఇరుకు ఇళ్ళలో. ఇద్దరికీ అవే మందులు, ఏడాది పాటు. ఇంట్లో ఉన్నవాళ్ళకు తిండి తక్కువ, పని ఎక్కువ, గాలి లేదు. అయినా ఏడాది తర్వాత ఫలితంలో పెద్ద తేడా రాలేదు. ప్రపంచమంతా టీబీ వైద్యాన్ని ఆసుపత్రి నుంచి ఇంటికి మార్చింది ఈ లెక్కే. పేదదేశానికి ఇంతకన్నా మంచివార్త లేదు. కాకపోతే "మందు పడితే తిండి లేకపోయినా నయమవుతుంది" అన్న మాటను "తిండితో పనిలేదు" అని చదువుకున్నవాళ్ళు కూడా ఉన్నారు. మొదటి మాట రోగం వచ్చిన మనిషి గురించి. రోగం రాకుండా ఉండటం గురించీ, ఆ ఇంట్లో మిగిలినవాళ్ళ గురించీ అందులో ఏమీ లేదు.

డి విటమిన్ మళ్ళీ వెనక్కి వచ్చింది ప్రయోగశాల దారిలో. 1986 నాటికే గ్రహం రూక్ బృందం, మన రక్షణకణాలకు డి విటమిన్ అందితే అవి క్షయక్రిమి పెరుగుదలను అడ్డుకుంటాయని చూపించింది. 2000లో వచ్చిన అధ్యయనం ఇంకా ఆసక్తికరం. లండన్ శివారు హారోలో స్థిరపడ్డ గుజరాతీలలో, టీబీ ఉన్నవాళ్ళకు డి విటమిన్ లోపం ఎక్కువగా కనిపించింది. శాకాహారం, మబ్బుల దేశం, నిండా బట్టలు. 2006లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు ఇంకో మెట్టు ఎక్కారు. క్రిమిని పసిగట్టిన కణం డి విటమిన్ సాయంతో కాథెలిసిడిన్ అనే క్రిమినాశక ప్రోటీన్ తయారు చేసుకుంటుందనీ, నల్లచర్మం వాళ్ళ రక్తంలో డి విటమిన్ తక్కువ కావడం వల్ల అది తక్కువగా తయారవుతుందనీ, విటమిన్ కలిపితే పెరుగుతుందనీ చూపారు. బ్రాంప్టన్ నూనెకు ఎట్టకేలకు కారణం దొరికిందని అందరూ సంబరపడ్డారు. చీటీ మీద ఆ వరస పుట్టింది ఈ సంబరంలోనే.

తర్వాత అసలు పరీక్షలు జరిగాయి. 2011లో లండన్, 2015లో తమిళనాడు. రెండోదాన్ని నడిపింది వెల్లూరు వైద్యకళాశాల, 247 మంది రోగులతో. టీబీ మందులతో పాటు లక్ష యూనిట్ల మోతాదు నాలుగుసార్లు ఇచ్చినా తెమడలో క్రిమి మాయమవడానికి పట్టే సమయం తగ్గలేదు. మందులకు లొంగని టీబీలో కొంత మేలు ఉండవచ్చన్న సూచనలున్నాయి, అంతే. పోనీ జబ్బు రాకుండా ఆపుతుందా? మంగోలియా రాజధానిలో 8,851 మంది బడిపిల్లలకు మూడేళ్ళు పరీక్షించారు. వాళ్ళలో దాదాపు అందరికీ డి విటమిన్ తక్కువే. 2020లో ఫలితం వచ్చింది. విటమిన్ ఇచ్చిన పిల్లల్లో 3.6 శాతానికి క్రిమి సోకింది, ఇవ్వని పిల్లల్లో 3.3 శాతానికి.

మరి టీబీ రోగుల్లో డి విటమిన్ తక్కువ ఉండటం అబద్ధమా అంటే, కాదు. కానీ తక్కువ ఉన్నందుకు జబ్బు వచ్చిందా, జబ్బు వచ్చి గడప దాటక, తినలేక తగ్గిందా? పైగా రిఫాంపిసిన్ అనే టీబీ మందు కూడా ఒంట్లోని డి విటమిన్‌ను తొందరగా ఖర్చు చేయిస్తుంది. ఒక్క రక్తపరీక్ష ఈ మూడింటినీ విడదీయలేదు.

ఎండకు కరువు లేని చోట ఈ లోపం ఏమిటని అందరూ అడుగుతారు. దీనికి తిరుపతిలో హరినారాయణ్ చేసిన పరిశోధన చదవాలి. పల్లెల్లో పొలం పని చేసేవాళ్ళకు పట్నంవాళ్ళ కన్నా డి విటమిన్ ఎక్కువ ఉంది, అయినా చాలామందికి చాలినంత లేదు. తిండిలో కాల్షియం తక్కువైతే ఉన్న విటమిన్ కూడా నిలవదని ఆయన వివరణ. చర్మం డి విటమిన్ బాగా తయారుచేసేది ఉదయం పదకొండు నుంచి మధ్యాహ్నం రెండు దాకా అని కూడా అక్కడే కొలిచి చూశారు. లేత ఎండలో నిలబడమనే సలహా కళ్ళకు హాయి, అంతకు మించి పెద్దగా ఒరిగేది లేదు.

ఇప్పుడు కాజీపల్లిలో పదకొండు నుంచి రెండు దాకా ఎవరు ఎక్కడుంటారో చూడండి. ఒకప్పుడు చెరువు కింద వరి వేసుకున్న ఊరు. 1970ల చివర్నుంచి పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీలు లేచాయి, మందుల ముడిసరుకు తయారీ ఇటు జిన్నారం వైపు పాకింది. ఊళ్ళు, చెరువులు పాడైపోతున్నాయని 1990లో సుప్రీంకోర్టు దాకా కేసు వెళ్ళింది. 2014లో వచ్చిన అధ్యయనంలో, కాజీపల్లి చెరువును పరీక్షించిన స్వీడన్ పరిశోధకులకు యాంటీబయాటిక్కులకు లొంగని జన్యువులు కుప్పలుగా దొరికాయి. (ఆ జన్యువులు క్షయక్రిమికి పాకవు లెండి, దాని మొండితనం దాని సొంత మార్పుల వల్ల వచ్చేది.) పొలంలో నడుం వంచిన తరం కొడుకులు ఇప్పుడు రేకుల షెడ్డులో, తల నుంచి కాలి దాకా యూనిఫాంలో ఉంటారు. రాత్రి షిఫ్టు చేసినవాడు ఆ మూడు గంటలూ గదిలో పడుకుని ఉంటాడు. గది అంటే నలుగురైదుగురు కలిసి ఉండేది, కిటికీ ఉన్నా తెరవనిది, బయట వాసన కాబట్టి. పొగ కమ్మిన ఆకాశం ఆ కిరణాలను కిందికి రానివ్వదని ఢిల్లీ పసిపిల్లల మీద 2002లో వచ్చిన అధ్యయనం చెప్పింది. డి విటమిన్ తగ్గడానికీ, ఒకరి దగ్గు ఇంకొకరికి అంటడానికీ కావలసినవన్నీ ఆ గదిలోనే ఉన్నాయి. అందులో మొదటిదానికే పొట్లం దొరుకుతుంది.

గాలి మీద మనకు నమ్మకం పోలేదనడానికి ఇంకో ఉదాహరణ. 2015 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిని అనంతగిరికి మార్చి ఆ స్థలంలో సచివాలయం కడతామంది. అనంతగిరి గాలి మంచిదన్న మాట అప్పుడు మళ్ళీ వినిపించింది. రోగులు అంత దూరం ఎట్లా పోతారని గొడవ లేచి, చివరికి ఆ ఆలోచన ఆగిపోయింది. మద్రాసు లెక్క అరవై ఏళ్ళ కిందటే తేలినా ఎవరికీ గుర్తు రాలేదు.

తిండి మీద గట్టి పరీక్ష మాత్రం ఇటీవలే జరిగింది, జార్ఖండ్‌లో, 2019 నుంచి 2022 దాకా. అనురాగ్ భార్గవ, మాధవి భార్గవల బృందం రోగులందరికీ తిండిసరుకులు ఇచ్చింది. సగం ఇళ్ళలో ఇంటివాళ్ళకు కూడా మనిషికి నెలకు 5 కిలోల బియ్యం, కిలోన్నర కందిపప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. అట్లా ఇచ్చిన ఇళ్ళలో కొత్తగా టీబీ వచ్చినవాళ్ళు దాదాపు 40 శాతం తగ్గారు. డి విటమిన్ పరీక్షల్లో ఎక్కడా ఇంత తేడా కనబడలేదు. కేంద్రం 2018 నుంచి రోగికి తిండి కోసం నెలకు 500 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తోంది, 2024 నవంబరు నుంచి 1000 చేసింది. ఇంట్లోవాళ్ళ బియ్యం అందులో లేదు. కాజీపల్లి షెడ్డుల్లో పనిచేసేవాళ్ళలో జార్ఖండ్, బిహార్, ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు చాలామంది. వాళ్ళ పక్కన పడుకునేవాళ్ళు ఇంటివాళ్ళు కారు, గదివాళ్ళు. ఏ లెక్కలోనైనా వాళ్ళను ఏ ఇంటి కింద రాయాలో ఇంకా ఎవరూ తేల్చలేదు.