వర్ణక్రమదోషములు – సంభావ్యతాగణితము

తాళపత్రగ్రంథములను బరిష్కరించు పండితులు లేఖకుని తప్పును రెండు ప్రశ్నలచేఁ బట్టెదరు. ఇచ్చట కవి వ్రాయఁదగిన పదమేది? ఆ పదము లేఖకుని చేతిలో నీ రూపమెట్లు పొందెను? నేఁడు కంప్యూటరు చేయుచున్నదియు నిదియే. పండితుని యూహకు బదులు దానికి లెక్క యున్నది.

ఈ లెక్కకు మూలపురుషుఁడు యంత్రకారుఁడు గాఁడు. థామస్ బేయిస్ అను నాంగ్ల మతాచార్యుఁడు. ఆయన 1761లో మరణింపఁగా, మిత్రుఁడు రిచర్డ్ ప్రైస్ ఆయన వ్రాఁతలలో దొరకిన వ్యాసమును లండను రాయల్ సొసైటీకిఁ బంపెను. అది 1763లో వెలువడినది. కార్యమును జూచి కారణముల సంభావ్యతను గణించు మార్గ మందుఁ గలదు. తప్పుపదము కార్యము; వ్రాయఁదలఁచిన పదము కారణము. ఈ యన్వయము కుదురుటకుఁ జాలకాలము పట్టినది.

నడుమ 1964లో ఐ.బి.యం. సంస్థకుఁ జెందిన ఫ్రెడరిక్ డామరో తప్పులను బరిశీలించెను. ఒక యక్షరము మాఱుట, జాఱుట, అధికముగాఁ జేరుట, ప్రక్కప్రక్క యక్షరములు తాఱుమాఱగుట: నూటికి 80కిఁ బైగాఁ దప్పులు వీనిలో నేదో యొక్కటియే. మనుష్యుని పొరపాటునకుఁ గూడ నొక వ్యాకరణ మున్నదన్నమాట!

1990లో బెల్ ప్రయోగశాలకుఁ జెందిన కెర్నిహన్, చర్చ్, గేల్ అనువారు బేయిసు మార్గమును బ్రయోగించిరి. వారి యుదాహరణమునే చూతము. ఒకచో 'అక్రెస్' అని పడినది. ఆంగ్లమున నట్టి పదము లేదు. నటి యను నర్థముగల 'ఆక్ట్రెస్'లో 'టి' జాఱియుండవచ్చును. 'ఏకర్స్', అనఁగా ఎకరములు, అను పదమున 'ఎస్' అధికమై యుండవచ్చును. 'అక్రాస్'లోని 'ఓ' మాఱి 'ఇ' యై యుండవచ్చును. అసోసియేటెడ్ ప్రెస్ వారి 1988వ సంవత్సరపు వార్తలలోని 4 కోట్ల 40 లక్షల పదములలో నాయా పద మెంత తఱచుగా వచ్చినదో యొక లెక్క, అట్టి తప్పు ఎంత తఱచో మఱియొక లెక్క, రెంటిని గుణించిరి. యంత్రము ఎకరములకే మొగ్గినది. వాక్యమున నున్నదో, నటి! ప్రక్కమాటలను జూడక యొంటిపదమునే తూఁచుటచే వచ్చిన చిక్కిది. మఱుసటి సంవత్సరము చర్చ్, గేల్ ఇరుప్రక్కల పదములనుగూడ లెక్కలోనికిఁ దెచ్చిరి.

వాడుకయే ప్రమాణమను న్యాయము మాకు సమ్మతమే. అయినను ఎవరి వాడుక? వార్తాపత్రికలనుండి తీసిన లెక్కలో పల్లెమాటకు, అరుదైన యింటిపేరునకు వచ్చు భాగము స్వల్పము. సరిగా వ్రాసినను యంత్రము దానిని దిద్ది, తనకుఁ దెలిసిన మఱియొక పదముగా మార్చవచ్చును. తెలుఁగున నీ చిక్కు మఱింత పెద్దది. 'ఇల్లు' అను నొక్క మాటయే 'ఇంటికి', 'ఇండ్లలో', 'ఇంటివారితోనైనను' అని విభక్తులతో, సంధులతో మాఱుచుండును. ఆ రూపము లన్నియు నే పట్టికయందును జేరవు. పదముల లెక్కకుఁ దోడు ప్రత్యయముల లెక్కయుఁ గావలెను. ఆ లెక్క కెత్తిన రాశిలో శ్రీకాకుళపు గృహిణి మాటయు, పాలమూరు రైతు మాటయుఁ బడనిచో, యంత్రము వానిని దప్పులుగానే చూపును.