కీలింగు దీవుల ఒడ్డున డార్విన్

హిందూ మహాసముద్రంలో, సుమత్రా ద్వీపానికి నైరుతి దిక్కున దాదాపు 600 మైళ్ల దూరాన, కీలింగు దీవులనే చిన్న పగడపు దీవుల గుంపు ఉంది. వీటికే కోకోస్ దీవులని మరొక పేరు. 1914 సెప్టెంబరు 22వ తేదీ రాత్రి మద్రాసు నగరంపై గుండ్లు కురిపించి చమురు ట్యాంకులను తగులబెట్టిన ఎమ్డెన్ అనే జర్మను యుద్ధనౌక, ఆ సంవత్సరమే నవంబరు 9న దెబ్బతిని ఒడ్డెక్కింది ఈ దీవుల దగ్గరనే. అయితే విజ్ఞానశాస్త్ర చరిత్రలో ఈ దీవులకు గల ప్రసిద్ధి అంతకు 78 సంవత్సరాల ముందటిది.

1836 ఏప్రిల్ 1న బీగిల్ అనే బ్రిటిషు సర్వే ఓడ ఈ దీవులను చేరింది. 1831 డిసెంబరులో ఇంగ్లండు విడిచిన ఆ ఓడలో చార్లెస్ డార్విన్ అనే 27 ఏండ్ల ప్రకృతి శాస్త్రవేత్త ఉన్నాడు. ఓడ అక్కడ ఆగినది ఏప్రిల్ 12వ తేదీ వరకు మాత్రమే. ఆ కొద్ది దినాలలోనే అతడు ఆ తీరాలను కాలినడకన శ్రద్ధగా పరిశీలించాడు.

ఆ ఒడ్డున నల్లమట్టి లేదు, కొండరాయి లేదు. కాలికింద మెత్తని ఇసుక మొదలు, కెరటాలు విసరివేసిన పెద్ద బండల వరకు సమస్తమూ పగడమే. చెట్లలో కొబ్బరిదే రాజ్యం. తక్కిన మొక్కల విత్తనాలు సముద్రంపై తేలుతూ దూరదేశాల నుండి వచ్చినవని డార్విన్ గ్రహించాడు. కొబ్బరికాయ పీచును కళ్లున్న వైపు నుండి ఒక్కొక్క పోగుగా ఒలిచి, గుంజును తినే పెద్ద పీతలను గూర్చి తెలుసుకొన్నాడు. పగడాన్ని కొరికి తినే చేపలను కోసి చూడగా, వాటి ప్రేగుల నిండా సున్నపుపిండి వంటి పదార్థం కనిపించింది. ఒడ్డున మెరిసే తెల్లని ఇసుకలో కొంతభాగం ఈ విధంగా తయారవుతున్నదే! మనుష్యుల స్థితి కూడ అతని దృష్టిని దాటిపోలేదు. 1826 ప్రాంతంలో బానిసలుగా తీసుకొనిరాబడిన మలయా జాతివారు అక్కడ ఉన్నారు. పేరుకు వారు స్వతంత్రులైనా, వారిని చూచే తీరు బానిసలను చూచినట్లే ఉన్నదని అతడు వ్రాశాడు.

ఇంతకూ అతనిని వేధించిన ప్రశ్న ఏది? పగడపు జీవి అతి చిన్నది. అది సముద్రపు నీటి నుండి సున్నాన్ని గ్రహించి తన చుట్టూ గూడు కట్టుకొంటుంది. కోట్లకొలది గూళ్లు చేరి దిబ్బ అవుతుంది. దిబ్బను కట్టే ఈ జీవులకు వెచ్చని నీరు, సూర్యరశ్మి కావాలి. కావున అవి లోతులేని నీటిలోనే పెరుగుతాయి. కాని కీలింగు వంటి దీవులు అగాధమైన సముద్రం మధ్య, ఉంగరం ఆకారంలో, నడుమ నిశ్చలమైన మడుగుతో ఉంటాయి. మాల్దీవుల వారి మాటను బట్టి వీటిని అటోళ్లు అంటారు. లోతున బ్రతుకలేని జీవి అగాధం నుండి గోడ ఎట్లా కట్టింది?

ముందుగా లోతును కొలవాలి. కెప్టెన్ ఫిట్జ్‌రాయ్ తాటికి సీసపు గుండు కట్టి, దాని అడుగున పశువుల కొవ్వు పూసి, సముద్రంలోకి దింపించాడు. గుండు నేలను తాకినచోట ఏమి ఉన్నదో కొవ్వుపై అచ్చుపడుతుంది. పది బారల లోతు వరకు కొవ్వుపై సజీవ పగడాల గుర్తులే పడి, ఇసుకరేణువు అంటకుండా పైకి వచ్చింది. ఇంకా లోతుకు పోయినకొద్దీ గుర్తులు తగ్గి ఇసుక హెచ్చింది. తీరానికి ఒక మైలుకు కొంచెం పైగా దూరాన 7,200 అడుగుల తాడు వదలినా నేల తగలలేదు. అంటే ఈ దీవి సముద్రంలో మునిగిన మహాపర్వత శిఖరమన్నమాట.

సముద్రంలో మునిగిన అగ్నిపర్వతాల బిలముల అంచులపై పగడాలు పెరుగుట వలన ఉంగరాకారం వచ్చిందని ఆనాటి ప్రసిద్ధ భూగర్భశాస్త్రవేత్త లయెల్ అభిప్రాయం. కాని ముప్పై నలభై మైళ్ల వెడల్పుగల అటోళ్లు ఉన్నాయి. అంతటి బిలములు అన్నిచోట్లా, అన్నీ సముద్రమట్టానికి సరిగా ఒకే ఎత్తున ఉంటాయా?

డార్విన్ ఊహ వేరు. నిజమైన పగడపు దిబ్బను కంట చూడక మునుపే, దక్షిణ అమెరికా పశ్చిమ తీరాన ఉండగానే, అతనికి ఈ ఆలోచన కలిగింది. 1835 ఫిబ్రవరి 20న చిలీలో వచ్చిన భూకంపంతో తీరం కొన్ని అడుగులు పైకి లేవడం అతడు గమనించాడు. ఒకచోట నేల లేస్తే మరొకచోట కుంగాలి కదా! ఒక అగ్నిపర్వత ద్వీపం చుట్టూ ఒడ్డును ఆనుకొని పగడాలు పెరుగుతాయి. ద్వీపం మెల్లగా కుంగుతుంది, పగడాలు పైపైకి కట్టుకొంటూ పోతాయి. అప్పుడు దిబ్బకూ ద్వీపానికీ నడుమ నీరు చేరి, దిబ్బ ప్రాకారం వలె నిలుస్తుంది. చివరకు శిఖరం కూడ మునిగిపోగా ప్రాకారం ఒక్కటే మిగులుతుంది. అదే అటోల్. ఈ వాదాన్ని డార్విన్ 1837లో లండనులోని భూగర్భశాస్త్ర సంఘం ముందుంచి, 1842లో గ్రంథరూపంగా ప్రకటించాడు. లయెల్ తన వాదాన్ని విడిచి దీనిని అంగీకరించాడు.

అందరూ అంగీకరించలేదు. చాలెంజర్ నౌకాయాత్రలో పాల్గొన్న జాన్ మర్రే, కుంగుబాటుతో పనిలేదని 1880లో వాదించాడు. మునిగిన గుట్టలపై గవ్వలు, పెంకులు పేరుకొని ఎత్తు పెరుగగా, వాటి మీద పగడాలు మొలిచాయని అతని మతం. ఎవరైనా మహాధనవంతుడు ఒక అటోల్‌పై 500, 600 అడుగులు బోరు వేయిస్తే బాగుండునని డార్విన్ 1881లో అలెగ్జాండర్ అగాసిజ్‌కు వ్రాశాడు. మరుసటి సంవత్సరమే అతడు మరణించాడు.

లండనులోని రాయల్ సొసైటీ పసిఫిక్ సముద్రంలోని ఫునాఫుటి అటోల్‌కు 1896, 1897, 1898లలో బృందాలను పంపింది. బోరు 1,114 అడుగులు దిగింది. వచ్చినదంతా పగడపు సున్నపురాయే. అయినా అది దిబ్బ అంచు నుండి జారిపడి పేరుకొన్న శిథిలమే కావచ్చునని ప్రతిపక్షులు అన్నారు. వివాదం తీరలేదు.

తీర్పు 1952లో, మార్షల్ దీవులలోని ఎనివెటాక్ అటోల్‌పై వెలువడింది. అక్కడి రెండు బోరులలో 4,000 అడుగులు దాటిన తరువాత అగ్నిపర్వత శిల తగిలింది. దాని పైనున్న సున్నపురాయి అడుగుపొరలలో లోతులేని నీటిలో జీవించే ప్రాణుల శిలాజాలు దొరికాయి. వాటి వయస్సు దాదాపు 5 కోట్ల సంవత్సరాలు. డార్విన్ ఊహ నిలిచింది. అయితే ఆ బోరులు శాస్త్ర కుతూహలంతో మాత్రమే వేసినవి కావు. ఆ దీవి అమెరికా అణ్వస్త్ర పరీక్షా స్థలం. అక్కడి ప్రజలను 1947లోనే మరొక దీవికి తరలించారు. 1952 నవంబరు 1న జరిగిన హైడ్రోజన్ బాంబు పరీక్షలో ఆ అటోల్‌లోని ఎలుగెలాబ్ దీవి లేకుండా పోయింది. ప్రజలు తిరిగివచ్చింది 1980లో.

పై అంకెలతో ఒక లెక్క వేయవచ్చు. 5 కోట్ల ఏండ్లలో 4,000 అడుగుల పైచిలుకు కుంగుబాటు అంటే, సగటున వెయ్యేండ్లకు ఒక అంగుళం. కీలింగు మడుగు ఒడ్డున వేళ్లు కోసుకొనిపోయి పడిపోతున్న కొబ్బరిచెట్లను చూచి, అది దీవి కుంగుటకు గుర్తని డార్విన్ తలచాడు. ఇంత మందగమనం మనిషి ఆయుష్కాలంలో కంటికి కనబడదు. దీవి కుంగక పోయినా నీటి ప్రవాహాల కోత అటువంటి పని చేయగలదు. మంచుయుగాలలో సముద్రమట్టం వందల అడుగులు దిగి, మరల పెరుగుట కూడ నేటి అటోళ్ల రూపాన్ని దిద్దిందని తరువాతి పరిశోధనలు తెలిపాయి.

నేడు భూగోళం వేడెక్కుట వలన సముద్రమట్టం ఆరేడు సంవత్సరాలకే ఒక అంగుళం చొప్పున పెరుగుతున్నది. ఆరోగ్యంగా ఉన్న పగడాలు ఇంతకంటె వేగంగానూ పెరుగగలవు. అయితే నీరు మితిమీరి వేడెక్కినప్పుడు, తమలో ఉండి ఆహారం సమకూర్చే సూక్ష్మమైన నాచును అవి వెళ్లగొట్టి తెల్లబడతాయి. ఆ స్థితి ఎక్కువకాలం సాగితే మరణిస్తాయి. 1998, 2010, 2016, 2024 సంవత్సరాలలో మన లక్షద్వీపాలలోనూ ఇట్లా జరిగింది. ఆ దీవులలో నేల సముద్రమట్టానికి కొద్ది అడుగుల ఎత్తు మాత్రమే. వాటిని నిలిపినది కొండ కాదు, గోరంతైనా లేని జీవి కోట్ల ఏండ్లుగా ఎడతెగక చేసిన పని. ఆ పని ఆగిపోతే కెరటాలకు అడ్డు నిలిచేది మరొకటి లేదు.