జన్యుక్రమాలతో పరిణామ అధ్యయనం: హైదరాబాద్ చరిత్ర

జీవకణంలోని డీఎన్ఏ అక్షరాల వరుసను చదివి, ఆ జీవి పూర్వీకులు ఎక్కడెక్కడ తిరిగారో, ఎవరితో కలిశారో, ఎప్పుడు విడిపోయారో తేల్చే శాస్త్రశాఖ ఇది. తెలుగునాట దీనికి ఆయువుపట్టు హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం, తార్నాక, హబ్సిగూడల మధ్య ఒకదాని పక్కన ఒకటిగా వెలసిన పరిశోధన సంస్థల సముదాయం. వాటిలో ముఖ్యమైనది సెంటర్ ఫర్ సెల్యులార్ అండ్ మాలిక్యులర్ బయాలజీ (సీసీఎంబీ). ఇక్కడి పరిశోధనను మొదటినుంచీ పరిశీలిస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. ఈ నేలకు అసలు వారసులెవరో చెప్పమని జన్యుక్రమాన్ని అడగడం తప్పు ప్రశ్న. ఎవరెవరు ఎప్పుడు వియ్యమందారు, ఎప్పుడు మానుకున్నారు అని అడిగితే మాత్రం అది గట్టి సాక్ష్యం ఇస్తుంది.

ఆరంభం

తార్నాకలోని ప్రాంతీయ పరిశోధన ప్రయోగశాల (నేటి ఐఐసీటీ) జీవరసాయన విభాగమే 1977 ఏప్రిల్ 1న పుష్పమిత్ర భార్గవ సారథ్యంలో సీసీఎంబీగా రూపుదిద్దుకుంది. హబ్సిగూడ ప్రాంగణాన్ని 1987 నవంబరు 26న జాతికి అంకితం చేశారు. అదే ఏడాది ఇక్కడికి వచ్చిన లాల్జీ సింగ్ అంతకుముందు ఎడిన్‌బరోలో పాముల లింగ క్రోమోజోములపై పనిచేశారు. ఒంటిపై పట్టీలుండే ఒక జాతి కట్లపాములో, ఆడపాము డబ్ల్యూ క్రోమోజోము మీద గుంపుగా ఉండే డీఎన్ఏ ముక్కను ఆయన బృందం 1980లో వెల్లడించింది. కొన్ని అక్షరాలు మళ్ళీమళ్ళీ వచ్చే ఆ ముక్క వంటివే మనిషితో సహా ఇతర వెన్నెముక జీవుల్లోనూ కనిపించాయి. 1988 నాటికి సీసీఎంబీ దాని ఆధారంగానే డీఎన్ఏ వేలిముద్రల పద్ధతిని సొంతంగా రూపొందించింది. కోర్టుల్లో తండ్రి ఎవరో తేల్చిన ఆ పద్ధతి వెనక ఉన్నది పరిణామ సూత్రమే: పాముకూ మనిషికీ ఉమ్మడి వారసత్వం ఉంది.

ఒంటి దారుల సాక్ష్యం

తొలినాళ్ళలో మానవ సమూహాల చరిత్రను రెండు దారుల్లోనే చదవగలిగారు. తల్లి నుంచి మాత్రమే సంక్రమించే, సుమారు 16,500 అక్షరాల మైటోకాండ్రియా డీఎన్ఏ ఒకటి. తండ్రి నుంచి కొడుకుకు వచ్చే వై క్రోమోజోము రెండోది. విశాఖపట్నం ప్రాంత కులాలపై ఆంధ్ర విశ్వవిద్యాలయ పరిశోధకుల భాగస్వామ్యంతో 2001లో వెలువడిన అధ్యయనం, తండ్రి దారిలో అగ్రకులాలు ఐరోపావారికి ఎక్కువ దగ్గరని చెప్పింది. చెంచులను, కోయలను కూడా చేర్చుకున్న 2003 నాటి మరో అధ్యయనం, గిరిజనులకూ కులసమాజానికీ ఉన్న ప్రాచీన వారసత్వం చాలామేరకు ఒక్కటేనని వాదించింది. సీసీఎంబీలోని కె.తంగరాజ్, లాల్జీ సింగ్‌ల బృందం అండమాన్‌లోని ఓంగీల, గ్రేట్ అండమానీల మైటోకాండ్రియా క్రమాలను పూర్తిగా చదివి, వారు వేల తరాలుగా ఒంటరిగా మిగిలిన అతిప్రాచీన శాఖ అని 2005లో ప్రకటించింది. మరుసటి ఏడాదే, ఆ శాఖకు దగ్గరి చుట్టరికం ప్రధాన భూభాగంలోనూ ఉందని ఇతర పరిశోధకులు చూపించారు. ఈ తగవులు శాస్త్రజ్ఞుల అశ్రద్ధ వల్ల వచ్చినవి కావు. ఇరవై తరాలు వెనక్కి వెళితే ఒక మనిషి వంశవృక్షంలో పది లక్షలకు పైగా స్థానాలుంటాయి. వాటిలో ఒక తల్లినీ ఒక తండ్రినీ మాత్రమే చూపే సాక్ష్యంతో మొత్తం చరిత్ర రాయబోతే వాదులాట తప్పదు.

2009: మలుపు

సీసీఎంబీ, అమెరికాలోని డేవిడ్ రైక్ బృందం కలిసి 2009లో నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశోధన ఆ పరిమితిని దాటింది. 25 సమూహాలకు చెందిన 132 మంది జన్యుసంపుటుల్లో 5,60,000కు పైగా స్థానాలను పోల్చింది. భారతీయుల్లో అత్యధికులు రెండు ప్రాచీన జనసముదాయాల కలయిక నుంచి వచ్చారని, వాటిలో ఉత్తరాది మూలంగా పేర్కొన్న వాటా 39 నుంచి 71 శాతం దాకా ఉందని తేల్చింది. ఆ వాటా అగ్రకులాల్లో ఎక్కువ. అయినా ఏ కులంలోనూ అది నూరు శాతం లేదు, సున్నా కూడా కాదు. 73 సమూహాలను పరిశీలించిన 2013 నాటి అధ్యయనం, ఈ కలయిక సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ళ కిందటి వరకు విస్తృతంగా జరిగి తరవాత సన్నగిల్లిందని లెక్కగట్టింది. అంటే కంచం పొత్తు, మంచం పొత్తు ఉన్న కాలం ఒకటి నిజంగా గడిచింది. కుల సరిహద్దులు ఆ తరవాతే బిగుసుకున్నాయి.

కలయిక మనిషికి మాత్రమే ప్రత్యేకమైంది కాదు. ఉదాహరణకు పెంగ్విన్లనే తీసుకుందాం. ఎంపరర్, ఆడెలీ పెంగ్విన్ల జన్యుక్రమాలు 2014లో వెలువడ్డాయి. 18 జాతుల క్రమాలను పోల్చిన 2020 నాటి పరిశోధన, నేటి పెంగ్విన్ల ఉమ్మడి పూర్వీకులు సుమారు 2.2 కోట్ల ఏళ్ళ కిందట అంటార్కిటికాలో కాక ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ తీరాల్లో ఉండేవని సూచించింది. విడిపోయిన జాతుల మధ్య జన్యువుల మార్పిడి జరిగిన ఆనవాళ్ళనూ చూపింది. పరిణామం చెట్టుకొమ్మల్లా చీలుతుందన్నది సగం నిజమే. చీలిన పాయలు మళ్ళీ కలిసే డెల్టా కాలువల పోలిక దానికి ఇంకా దగ్గరగా ఉంటుంది.

రెండు ఉత్పరివర్తనాలు

మనుషుల్లో కలయిక జరిగి తరవాత సన్నగిల్లిందన్న వాదానికి బలమైన ఆధారం రెండు వ్యాధుల చరిత్రలో ఉంది. గుండె కండరానికి సంబంధించిన ఎంవైబీపీసీ3 అనే జన్యువులో 25 అక్షరాలు లోపించడం గుండెజబ్బు ముప్పును పెంచుతుందని తంగరాజ్ బృందం 2009లో చూపింది. అది సుమారు 33,000 ఏళ్ళ కిందట పుట్టింది. నేడు దాదాపు 4 శాతం భారతీయుల్లో, కులమత భేదం లేకుండా కనిపిస్తుంది. మత్తు వైద్యంలో కండరాలను సడలించే ఒక మందును శరీరం త్వరగా విరగ్గొట్టలేని లోపం ఇందుకు భిన్నం. ఇది తెలుగునాట వైశ్య సమాజంలో ఇతరుల కంటే సుమారు నూరు రెట్లు ఎక్కువ. ఆ సమాజం రెండు మూడు వేల ఏళ్ళుగా దాదాపు తనలో తానే పెళ్ళిళ్ళు చేసుకుంటూ వచ్చిందని జన్యుక్రమాలు చెబుతున్నాయి. మొదటిది తలుపులు తెరిచి ఉన్న కాలం నాటి గుర్తు. రెండోది తలుపులు మూసుకున్నాక మిగిలిన గుర్తు.

అభ్యంతరాలు

ఈ జబ్బులకు మేనరికమే కారణం కదా, అందులో పరిణామ చరిత్ర ఏముందని అడగవచ్చు. 260కి పైగా దక్షిణాసియా సమూహాలను పరిశీలించిన 2017 నాటి అధ్యయనం ఈ రెంటినీ వేరుచేసి చూపింది. దంపతులకు దగ్గరి చుట్టరికం లేకపోయినా, కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి వెలుపలి సంబంధాలు చేసుకోని సమూహంలో అందరూ దూరపు బంధువులే అవుతారు. అలాంటి గాఢమైన ముద్ర 81 సమూహాల్లో కనిపించింది. రెండో అభ్యంతరం 2009 నాటి రెండు మూలాల చిత్రం మీద. అది మరీ సరళమన్న మాట న్యాయమైనదే. సీసీఎంబీ పరిశోధకులు కూడా పాల్గొన్న 2019 నాటి పరిశోధన 523 మంది ప్రాచీన మానవుల అవశేషాల డీఎన్ఏను చదివి, ఆ రెండు మూలాలూ మళ్ళీ మిశ్రమాలేనని చూపింది. సింధు నాగరికతకు చెందిన జనం, దక్షిణాసియా ప్రాచీన వేటగాళ్ళు, గడ్డిమైదానాల పశుపాలకులు వేర్వేరు పాళ్ళలో కలిశారు. దీనివల్ల పాత లెక్క మారింది కానీ పాత నిర్ధారణ ఇంకా బలపడింది. ఎంత లోతుకు తవ్వినా కలయికే తేలింది. మూడో అభ్యంతరం అన్నిటికన్నా బరువైనది: కులం పేరుతో నమూనాలు తీసి పోల్చడం కులానికి శాస్త్రముద్ర వేయడం కాదా? ఫలితాలను గొప్పలకో నిందలకో వాడుకునే ప్రమాదం ఉన్న మాట నిజం. అయితే కులాన్ని కొలవడమంటే సమర్థించడం కాదు. కులం ప్రకృతి సిద్ధమైనది కాదని, ఒక కాలంలో మొదలైన పెళ్ళి కట్టుబాటు అని, దానికి దేహాలు మూల్యం చెల్లిస్తున్నాయని అంకెలతో చూపింది ఈ కొలతే.

నేటి స్థితి

ఎంపిక చేసిన స్థానాలను పోల్చే దశ దాటి, మొత్తం జన్యుక్రమాన్ని చదివే దశ వచ్చింది. సీసీఎంబీ భాగస్వామిగా 2020లో మొదలైన జీనోమ్ ఇండియా పథకం పదివేల మందికి పైగా భారతీయుల క్రమాలను సేకరించింది. వాటి విలువ ఏ సమూహం ఎంత పాతదో లెక్కించడంలో లేదు. ఏ ఇంటి బిడ్డకు ఏ ముప్పు పొంచి ఉందో ముందే చెప్పడంలో ఉంది. మత్తుమందు ఇచ్చే ముందు చేసే ఒక రక్తపరీక్ష, పెళ్ళికి ముందు తీసుకునే ఒక జన్యు సలహా, వేల ఏళ్ళ కిందట మూసుకున్న తలుపు వల్ల కలిగే హానిని ఈ తరంలో ఆపగలవు. కట్లపాము డీఎన్ఏ ముక్కతో మొదలైన పరిశోధన ఈ మెట్టు దాకా వచ్చింది. ఆ పరీక్ష, ఆ సలహా అవసరమైన ప్రతి ఇంటికీ చేరినప్పుడే ఆ ప్రయాణానికి సార్థకత.