ఒక డిగ్రీ ఉత్తరాన ఆరు ఋతువులు

(రేడియో ప్రసంగానికి అక్షర రూపం)

ఈ వారం మా పేట చరిత్ర చెప్తానన్నాను కదా. చరిత్ర అనగానే రాజులూ, కోటలూ వస్తాయనుకోకండి. మా పేటకి కోట లేదు, మెట్రో స్టేషన్ ఉంది. పేరు వన్-నార్త్. సింగపూర్ భూమధ్యరేఖకి ఒక డిగ్రీకి కాస్త పైన ఉంది కాబట్టి ఆ పేరు పెట్టారు. మన హైదరాబాదు పదిహేడు డిగ్రీల మీద ఉంది. మధ్యలో ఉన్న ఆ పదహారు డిగ్రీల తేడా పిల్లల్ని పెంచడంలో ఎంత తేడా తెస్తుందో, అదే ఈవేళ నేను చెప్పదలుచుకున్నది.

మేము 2006లో వచ్చాం. ఇల్లు ఘిమ్ మోలో. మావారిది నిజామాబాదు, మాది అప్పటి చిత్తూరు జిల్లా పుత్తూరు. మావాడు 2009 జనవరిలో ఒకటో తరగతిలో చేరాడు. వాణ్ణి బడికి దిగబెట్టడానికి సాయంగా ఉంటుందని మా అమ్మ విజిట్ పాస్ మీద వచ్చింది. మొదటిరోజు పొద్దున్న ఆరూ యాభైకి మనవడి చెయ్యి పట్టుకుని కిందికి దిగి, వీధిదీపాలు చూసి నిలబడిపోయింది. "ఇంత చీకట్లో బడేమిటే? కోడి కూడా లేవలేదు" అంది.

అమ్మ అడిగిన దానికి జవాబు చరిత్రలోనే ఉంది. సింగపూర్ ఉన్న రేఖాంశాన్ని బట్టి చూస్తే గ్రీనిచ్ కంటే దాదాపు ఆరు గంటల యాభై అయిదు నిమిషాలు ముందుండాలి. 1905లో ఏడు గంటలుగా ఖాయం చేశారు. 1933లో ఇరవై నిమిషాలు, 1941లో మరో పది నిమిషాలు కలిపారు. జపాన్ వాళ్ళు ఆక్రమించుకున్న 1942 నుంచి 45 దాకా ఇక్కడ గడియారాలు టోక్యో సమయం చూపించాయి. యుద్ధం అయ్యాక మళ్ళీ ఏడున్నరకి వచ్చాయి. 1982 జనవరి ఒకటిన మలేసియా తన తూర్పు, పడమర భాగాలకి ఒకే సమయం ఉండాలని పడమటి గడియారాన్ని అరగంట ముందుకి జరిపింది. వ్యాపారం, రాకపోకలు అన్నీ పక్కదేశంతో ముడిపడి ఉన్నాయి కాబట్టి సింగపూర్ కూడా జరిపింది. అప్పటిదాకా మనకీ వీళ్ళకీ రెండు గంటల తేడా ఉండేది, ఆరోజు నుంచి రెండున్నర అయింది.

అందుకని ఇక్కడ సూర్యుడు ఏడు గంటల అటూ ఇటూగా లేస్తాడు. నవంబర్‌లో ఆరూ ముప్పావుకి, ఫిబ్రవరిలో ఏడుంబావుకి. పగటి పొడుగు ఏడాది మొత్తం మీద పది నిమిషాలైనా మారదు. బడి మాత్రం ఏడున్నరకే. ఇదంతా చెప్తే అమ్మ, "అయితే సూర్యుణ్ణి కాదు, సర్కారుని చూసి లేవాలన్నమాట" అని తేల్చేసింది. ఆవేళే ఒక పాత డైరీ తీసి రాయడం మొదలుపెట్టింది. ఆ డైరీ సంగతి తర్వాత చెప్తాను.

ముందు పేట గురించి. ఇప్పుడు అద్దాల మేడలున్న ఈ రెండు వందల హెక్టార్లలో ఒకప్పుడు బ్రిటిష్ సైన్యం వాళ్ళు కాపురాలుండేవారు. రోచెస్టర్ పార్క్, నేపాల్ హిల్, వెసెక్స్ ఎస్టేట్‌లలో తెల్లగోడలూ నల్లకర్రలూ ఉన్న వాళ్ళ బంగళాలు ఇంకా ఉన్నాయి. అక్కడ కాపురమున్న తల్లులకీ మనలాంటి బెంగే ఉండేదంటే నమ్ముతారా? ఆ కాలపు తెల్లదొరల ఇళ్ళలో పిల్లలకి ఏడెనిమిదేళ్ళు రాగానే ఓడెక్కించి ఇంగ్లండ్ హాస్టళ్ళకి పంపేసేవారు. ఇక్కడ ఉంటే ఎండకి చెడిపోతారని, మన తీరు మర్చిపోతారని భయం. చిన్నపిల్లల్ని అలా పంపక్కర్లేకుండా 1925లో ఒక బ్రిటిష్ టీచరమ్మ, ఆన్ గ్రిఫిత్-జోన్స్, టాంగ్లిన్‌లో ఒక చిన్న బడి పెట్టింది. ఆ బడే పెరిగి పెద్దదై ఇప్పుడు మా పక్కన పోర్ట్స్‌డౌన్ రోడ్డు మీద ఉంది. ఉంచుకోవాలా, పంపెయ్యాలా? తొంభై ఏళ్ళ తర్వాత మా ఇంట్లో కూడా భోజనాల దగ్గర ఇదే మాట. హైదరాబాదులో మా ఆడపడుచు ఇంట్లో ఉంచి చదివిద్దామని ఒకరోజు, వద్దని మరోరోజు.

1971లో బ్రిటిష్ సైన్యం వెళ్ళిపోయింది. 1988లో బ్యూనా విస్టాకి మెట్రో రైలు వచ్చింది. 2001 డిసెంబర్‌లో జేటీసీ సంస్థ వన్-నార్త్‌కి శంకుస్థాపన చేసింది. పేట నమూనా గీసింది జాహా హదీద్ గారి సంస్థ. 2003లో జీవశాస్త్ర పరిశోధనల కోసం బయోపోలిస్, 2008లో కంప్యూటర్లూ ఇంజనీరింగూ వాళ్ళకోసం ఫ్యూజనోపోలిస్ తెరిచారు. మన తెలుగువాళ్ళు ఎక్కువగా వచ్చింది ఈ రెండింటి వెనకే. మావారూ అంతే. 2011లో రెండు మార్పులు. జూన్ 30న, మలేసియా నుంచి మా పేట పక్కగా టాంజాంగ్ పగార్ దాకా నడిచే పాత రైలు ఆఖరిసారి వెళ్ళింది. అక్టోబర్ 8న వన్-నార్త్ మెట్రో స్టేషన్ తెరిచారు. పట్టాలు తీసేసిన దారి ఇప్పుడు నడకదారి. మా పిల్లలు సైకిల్ నేర్చుకున్నది అక్కడే.

ఇక సంవత్సరం సంగతి. ఇక్కడి బడి జనవరిలో మొదలై నవంబర్ మధ్యలో ముగుస్తుంది. నాలుగు టర్ములు. మార్చిలో వారం, జూన్‌లో నాలుగు వారాలు, సెప్టెంబర్‌లో వారం, ఏడాది చివర ఆరు వారాలు సెలవులు. మన పండగలు ఈ చట్రంలో ఎక్కడా సరిగ్గా కూర్చోవు. సంక్రాంతికి బడి మొదలై రెండు వారాలే అవుతుంది, కొత్త పుస్తకాలకి అట్టలు వేసే రోజులు. అపార్ట్‌మెంట్ కింద భోగిమంట వెయ్యలేం. రేగుపళ్ళు లేక పూలూ, చిల్లర, చాక్లెట్లూ కలిపి పోసేవాళ్ళం. 2009లో ఉగాది మార్చి 27, శుక్రవారం. సెలవులు అంతకు ముందువారమే అయిపోయాయి. పచ్చడి పొద్దున్నే ఆ చీకట్లో స్పూనుతో నోట్లో పెట్టి పంపాను.

జూన్ సెలవుల కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మేం విమానం దిగేసరికి మే నెలాఖరు. మన దగ్గర బడులు జూన్ 12కి తెరుస్తారు. అంటే అక్కచెల్లెళ్ళ పిల్లలతో మావాళ్ళు కలిసి ఆడుకునేది పట్టుమని రెండు వారాలు. బంగినపల్లి అప్పటికే అడుగంటి ఉంటుంది. తర్వాత వాళ్ళు బడికి పోతే, మావాళ్ళు ఖాళీ ఇంట్లో టీవీ చూస్తూ "ఎప్పుడెళ్తాం?" అనేవాళ్ళు. ఆ "వెళ్తాం" అన్నమాట సింగపూర్ గురించి అన్నారని నాకు అర్థమైన రోజు కొంచెం కష్టంగానే అనిపించింది.

సెప్టెంబర్‌లో పొగ. సుమత్రాలో అడవులూ, పీట్ నేలలూ తగలబెడితే గాలి ఇటు తోస్తుంది. 2013 జూన్ 21న కాలుష్య సూచిక 401కి వెళ్ళింది. 2015 సెప్టెంబర్ 25న ప్రైమరీ, సెకండరీ బడులన్నీ మూసేశారు. మా చిన్నది రెండో తరగతి, కిటికీలకి తడిబట్టలు పెట్టుకుని కూర్చున్నాం. ఆ నెలాఖరునే ఆరో తరగతి పిల్లలకి పీఎస్ఎల్ఈ పరీక్ష. 1960 నుంచీ ఉన్న ఈ పరీక్షని బట్టే ఏ సెకండరీ బడిలో సీటొస్తుందో తేలుతుంది. 2014లో దసరా అక్టోబర్ 3న వచ్చింది. నవరాత్రులూ, మావాడి రాత పరీక్షలూ దాదాపు ఒకేసారి పడ్డాయి. ఆ ఏడు బొమ్మల కొలువు మూడు మెట్లతో సరిపెట్టాను. దీపావళికి మాత్రం ప్రభుత్వ సెలవు ఉంది. టపాకాయలు 1972 నుంచి నిషేధం, కాకరపువ్వొత్తులతోనే పండగ.

సరే, అసలు చిక్కు పండగలది కాదు, భాషది. ఇక్కడ ప్రైమరీ బడుల్లో 1960 నుంచి, సెకండరీలో 1966 నుంచి రెండో భాష తప్పనిసరి. దాన్ని 'మాతృభాష' అంటారు. పీఎస్ఎల్ఈలో ఉన్న నాలుగు సబ్జెక్టుల్లో అదొకటి. చైనీస్, మలయ్, తమిళం మొదటినుంచీ ఉన్నాయి. ఉత్తరాది వాళ్ళు అడగ్గా అడగ్గా 1990ల నుంచి హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ కూడా రాసుకోవచ్చన్నారు. తెలుగు ఆ జాబితాలో లేదు. కాబట్టి తెలుగు తల్లిదండ్రులు ఆరేళ్ళ పిల్లకో పిల్లాడికో 'మాతృభాష' ఏమిటని ఫారం నింపేటప్పుడు, తమది కాని భాష ఒకటి రాయాల్సిందే.

మావాడికి హిందీ రాయించాం. ఎప్పుడో వెనక్కి వెళ్తే పనికొస్తుందని మావారి లెక్క. చిన్నదాన్ని 2014లో చేర్చేటప్పుడు నేను పట్టుబట్టి తమిళం రాయించాను. మా పుత్తూరు వాళ్ళకి తమిళం పక్కింటి భాష. అమ్మకి చదవడం రాకపోయినా మాట్లాడ్డం బాగా వచ్చు, మనవరాలి చేత పాఠం చదివించుకుని తప్పులు దిద్దేది. మావాడికి హిందీ తరగతి శనివారాలు వేరే కేంద్రంలో. ఆదివారం తెలుగు తరగతి పెడితే, "మమ్మీ, వారానికి ఎన్ని మాతృభాషలు?" అన్నాడు. నేను జవాబు చెప్పలేక ఆదివారం మానిపించేశాను. నా సంసారంలో నేను చేసిన పొరపాట్లలో అది పెద్దది.

ఎందుకంటే దీనికి ముందు కథ ఒకటుంది. పక్కనే మలేసియాలో కొబ్బరి, రబ్బరు తోటల్లో పనికి మనవాళ్ళు బ్రిటిష్ వాళ్ళ కాలంలోనే వచ్చారు. పెరాక్ రాష్ట్రంలో బాగన్ దాతో చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు గుంపుగా ఉండేవి. తోటల్లో తెలుగు బడులు కూడా ఉండేవి. తోటలు చెదిరి జనం పట్నాలకి పోయేసరికి ఆ బడులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. 1955లో అక్కడ ఆంధ్ర సంఘం పెట్టుకుని నిలబెట్టుకోడానికి తాపత్రయపడ్డారు. సింగపూర్ తెలుగు సమాజం 1975లో వచ్చింది. పండగలకి మనల్ని ఒకచోట చేర్చేది ఇలాంటి సంఘాలే. కానీ పండగకి చేరడం వేరు, అక్షరం నిలవడం వేరు. బడిలో లేని భాష ఇంట్లో తల్లి ఓపిక ఉన్నంతకాలమే ఉంటుంది. నా ఓపిక మావాడి విషయంలో అయిదేళ్ళు కూడా నిలవలేదు.

అమ్మ 2017లో పోయింది. 2020 ఏప్రిల్ 8న కోవిడ్ వల్ల బడులన్నీ ఇంటినుంచే అయ్యాయి. జూన్ సెలవుల్ని మే నెలకి ముందుకి జరిపారు. ఎక్కడికీ కదల్లేని సెలవులు. అల్మరా సర్దుతుంటే అమ్మ డైరీ బయటపడింది. నాలుగుసార్లు వచ్చినప్పుడూ అందులోనే రాసింది. మావాడు తీసుకుని తిప్పి, "అమ్మమ్మ ఏం రాసింది?" అని నాకు కాదు, చెల్లెలికి ఇచ్చాడు. చిన్నదానికి మా అమ్మే పలక మీద గుణింతాలు నేర్పింది. అది కూడబలుక్కుంటూ చదివింది.

అందులో ఏముందనుకుంటున్నారు? వాన లెక్కలు. "జనవరి. రోజూ వాన. పిల్లాడి బూట్లు ఆరలేదు." "ఫిబ్రవరి. వాన లేదు. గడ్డి ఎండింది." "ఉగాది ముందు రోడ్డు పక్క చెట్లన్నీ గులాబీ పూలు పూశాయి, ఆకు కనపడ్డంలేదు." "జూన్. తెల్లవారుజామున పెద్ద గాలీ వానా, గంటలో ఆగింది. డురియన్ వాసన." ఇక్కడ ఋతువుల్లేవని మేమంతా అంటుంటే, ఆవిడ కూర్చుని వెతికి పట్టుకుంది. వాతావరణం వాళ్ళు చెప్పేదీ అదే. డిసెంబర్, జనవరుల్లో ఈశాన్య ఋతుపవనాల వానలు, ఫిబ్రవరిలో పొడి రోజులు, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి, ఆ కాలంలో తెల్లవారుజామున వచ్చే 'సుమత్రా' గాలివానలు. పొడి రోజులయ్యాక వానపడితే ఆ గులాబీ చెట్లు ఒక్కసారిగా పూస్తాయి. చివరి పేజీలో ఆరు ఋతువుల పేర్లు వరసగా రాసి, ఒక్కోదాని ఎదురుగా ఇక్కడి నెలలు వేసింది. శిశిరం ఎదురుగా మాత్రం "ఆఫీసుల్లో ఏసీ" అని రాసింది. పిల్లలిద్దరూ నవ్వీ నవ్వీ అలిసిపోయారు.

నవ్వాక మావాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకు కూడా నేర్పు" అన్నాడు. పద్దెనిమిదేళ్ళకి అ ఆలు మొదలుపెట్టాడు, చెల్లెలే టీచరు. మరుసటేడు జాతీయ సేవకి వెళ్ళాడు. ఇప్పుడు నాకు తెలుగులోనే మెసేజ్ పెడతాడు. ఒత్తులు ఇంకా సరిగ్గా రావు. నేను దిద్దను.

వెనక్కి పంపాలా, ఉంచుకోవాలా అన్న మాట మా ఇంట్లో ఇప్పుడు లేదు. తేల్చింది మేం కాదు, పిల్లలు పెరిగిపోవడమే తేల్చేసింది. మీలో ఎవరైనా ఈ జనవరికి ఫారం నింపబోతుంటే, ఆ గడిలో ఏ భాష రాసినా ఫరవాలేదు. కానీ ఇంట్లో ఒక పెద్దావిడ ఉంటే ఆవిడ చేతికొక డైరీ ఇవ్వండి. పిల్లలకి ఆ డైరీ చదివేపాటి అక్షరాలు నేర్పండి. వారం విడిచి వారమైనా సరే, నాలాగ మానిపించెయ్యకండి.